కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: పదే పదే కనెక్షన్ పోతుంటే

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే. మౌస్ కావచ్చు, ప్రింటర్ కావచ్చు, హార్డ్‌డిస్క్ కావచ్చు, పని మధ్యలో కనెక్షన్ పోతోంది. పీకి మళ్లీ పెడితే వస్తోంది. కాసేపటికి మళ్లీ పోతోంది. పూర్తిగా చెడిపోయిన వస్తువుకైతే ఏదో ఒక దారి చూసుకుంటాం. ఇలా వచ్చిపోయే జబ్బుతోనే చిక్కు. షాపుకు తీసుకెళ్తే అక్కడ చక్కగా పనిచేస్తుంది, ఇంటికొచ్చాక మళ్లీ మొదలు. విసుగెత్తి కొత్తది కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి తొందరపడకండి. ముందు ఒక కాగితం దగ్గర పెట్టుకుని, కనెక్షన్ ఎప్పుడు పోతోందో, ఆ సమయంలో మీరేం చేస్తున్నారో రాసుకోండి. కింది ఉత్తరాల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరికింది.

ప్రశ్న: లాప్‌టాప్‌కి వైర్‌లెస్ మౌస్ వాడుతున్నాను. మామూలుగా బాగానే ఉంటుంది. పాఠాల వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు మాత్రం కర్సర్ ఆగి ఆగి కదులుతుంది, ఒక్కోసారి అసలు కదలదు. బ్యాటరీ మార్చాను. తర్వాత మౌసే మార్చాను. కొత్తదీ అంతే. స్నేహితులు వైరస్ అంటున్నారు.
– డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, నంద్యాల

జవాబు: వైరస్ కాదమ్మా. మీ మౌస్‌లు రెండూ మంచివే అయి ఉంటాయి. కాపీ చేసేటప్పుడే అని రాశారు చూడండి, కారణం అందులోనే ఉంది. మీ పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 3.0 రకం అయి ఉండాలి. సెకనుకు 5 గిగాబిట్ల వేగానికి తయారైన ఆ పోర్టు పనిచేస్తున్నంతసేపు చుట్టూ రేడియో రొద పుడుతుంది. ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకి కూడా పరుచుకుంటుంది. వైర్‌లెస్ మౌస్‌లు, కీబోర్డులు, బ్లూటూత్ పరికరాలు, చాలా ఇళ్లలోని వైఫై పనిచేసేది సరిగ్గా అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ విషయాన్ని కొలతలతో సహా ప్రచురించింది.

లాప్‌టాప్‌లో పోర్టులు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో పెన్‌డ్రైవ్, దాన్ని ఆనుకుని గోరంత రిసీవర్. మౌస్ పంపే సన్నటి సంకేతం ఆ రొదలో రిసీవర్‌కు అందదు. కాబట్టి రిసీవర్‌ను లాప్‌టాప్ అవతలి వైపు పోర్టులో పెట్టి చూడండి. అటువైపు పోర్టు లేకపోతే అర మీటరో, మీటరో పొడవున్న యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, దాని చివర రిసీవర్ పెట్టి, మౌస్ దగ్గరికి జరపండి. ఖర్చు అంతే. కాపీ జరిగేటప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్ తెగిపోతున్నా, వైఫై నెమ్మదిస్తున్నా కారణం ఇదే కావచ్చు. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే వైఫైని దానికి మార్చుకోండి. పోర్టు లోపలి నాలుక నీలంగా ఉంటే సాధారణంగా అది 3.0. అన్ని కంపెనీలూ ఆ రంగు పాటించవు కనుక పక్కన ‘ఎస్‌ఎస్’ అనే అక్షరాలున్నాయేమో కూడా చూడండి.

ప్రశ్న: నేను మీసేవ కేంద్రం నడుపుతున్నాను. వేలిముద్ర మిషన్‌తో నరకం చూస్తున్నాను సార్. వరసగా జనం ఉన్నంతసేపు పనిచేస్తుంది. ఒక పావుగంట ఎవరూ రాకపోతే తర్వాత వచ్చిన మనిషికి పడదు, డివైస్ కనెక్ట్ కాలేదంటుంది. పీకి పెడితే వస్తుంది. ముసలివాళ్లు గంటలు గంటలు కూర్చుంటున్నారు. మిషన్, వెబ్‌క్యామ్, మౌస్, చిన్న ప్రింటర్ అన్నీ ఒకే హబ్‌కి పెట్టాను.
– జనగామ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఆనవాళ్లున్నాయి. ఖాళీగా ఉన్నాక పోతోంది. అన్నీ ఒకే హబ్ మీద ఉన్నాయి.

మొదటిది విండోస్ చేసే పని. కాసేపు వాడకపోతే కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. మౌస్ లాంటివి వెంటనే లేస్తాయి. కొన్ని వేలిముద్ర మిషన్లు, కార్డ్ రీడర్లు సరిగా లేవవు. దీన్ని ఆపడానికి కంట్రోల్ ప్యానెల్‌లో ‘పవర్ ఆప్షన్స్’ తెరవండి. మీ ప్లాన్ పక్కన ‘చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్’, అందులో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితే ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ కనిపిస్తుంది. డిసేబుల్ చేయండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ కింద ఉన్న ప్రతి ‘రూట్ హబ్’ మీదా రెండుసార్లు క్లిక్ చేసి, ‘పవర్ మేనేజ్‌మెంట్’లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే చోట ఉన్న టిక్ తీసేయండి. తర్వాత షట్‌డౌన్ కాకుండా రీస్టార్టే ఇవ్వండి. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉన్న కంప్యూటర్లలో షట్‌డౌన్ చేసినా పాత స్థితిలో కొంత భాగం అలాగే దాచి ఉంటుంది. రీస్టార్ట్‌లో మొత్తం కొత్తగా మొదలవుతుంది.

రెండోది హబ్. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. సొంత అడాప్టర్ లేని హబ్ ఆ 500తోనే తాను బతికి, మిగతావాటినీ బతికించాలి. నిబంధన ప్రకారం దాని ఒక్కో పోర్టుకు దక్కేది 100 మాత్రమే. వేలిముద్ర మిషన్ లోపల లైటు, కెమెరా రెండూ పనిచేయాలి, ఆ 100 చాలదు. మిషన్‌ను హబ్ నుంచి తీసి సీపీయూ వెనక పోర్టులో నేరుగా పెట్టండి. హబ్ తప్పదంటే సొంత అడాప్టర్ ఉన్నదే కొనండి. ఈ రెండు పనులూ ఒకేరోజు చేయకండి. ముందు పోర్టు మార్చి ఒక పూట చూడండి. తగ్గకపోతే సెట్టింగ్ మార్చండి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే.

ఇంకో తేడా కూడా గమనించండి. మిషన్ పడనప్పుడు వెంటనే పీకేయకుండా డివైస్ మేనేజర్ చూడండి. అక్కడ మిషన్ పేరే లేకపోతే లోపం వైరుదో, కరెంటుదో. పేరుండి కూడా సాఫ్ట్‌వేర్ లేదంటుంటే ఆధార్ కోసం వేసుకున్న ‘ఆర్‌డీ సర్వీస్’ ఆగిపోయి ఉంటుంది. విండోస్ ‘సర్వీసెస్’లోకి వెళ్లి దాన్ని రీస్టార్ట్ చేసి, స్టార్టప్ రకాన్ని ‘ఆటోమేటిక్’గా పెట్టండి. మిషన్ లైటు వెలిగి, వేలు పెట్టినా ముద్ర సరిపోలడం లేదంటే అది అసలు కనెక్షన్ సమస్యే కాదు. కూలిపని చేసినవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు వేలి గీతలు అరిగిపోతాయి. తడిగుడ్డతో వేలు తుడిపించి, అద్దం శుభ్రం చేసి, వేరే వేలు ప్రయత్నించండి. ఆ సేవకు వీలుంటే కనుపాప గానీ, ముఖం గానీ, ఓటీపీ గానీ వాడండి. మిషన్ తప్పుకు ఆ పెద్దవాళ్లను వెనక్కి పంపించవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

ప్రశ్న: అమ్మాయి పెళ్లి ఫొటోలు, వీడియోలు అన్నీ ఒక పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఇప్పుడు దాన్ని పెడితే కొద్దిసేపు కనిపించి మాయమవుతోంది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. నిన్న ‘ఫార్మాట్ చేయాలి’ అని అడిగింది. చేయమంటారా? సీపీయూ ముందుభాగంలో పెడుతున్నాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: వద్దు మాస్టారూ, ఫార్మాట్ చేయకండి. ఆ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చినా ‘క్యాన్సిల్’ నొక్కండి. డిస్క్‌ను ఇప్పుడే తీసి పక్కన పెట్టి ఇది చదవండి.

ఆ చప్పుడుకు రెండు అర్థాలున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చేతిలో పట్టే ఈ డిస్కులకు వేరే అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. లోపలి పళ్లెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు కావాలి. సీపీయూ ముందున్న పోర్టులు లోపల సన్నటి వైరుతో మదర్‌బోర్డుకు కలుస్తాయి, ఆ దారిలో వోల్టేజీ పడిపోతుంది. డిస్క్ తిరగబోయి ఆగిపోతుంది, టిక్కుమంటుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. వెనక పోర్టులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి వెనక పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టు ఉంటే మరీ మంచిది, అది 900 మిల్లీ ఆంపియర్ల దాకా ఇస్తుంది. కేబుల్ కూడా మార్చండి, పొట్టిదీ లావుదీ చూసి. ఈ డిస్కుల వైపు ఉండే వెడల్పాటి పిన్ను కొంతకాలానికి వదులవడం చాలా మామూలు. మీది సముద్రపు ఊరు, ఉప్పుగాలికి పోర్టు లోపలి రేకులకు చిలుము పడుతుంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన సన్నటి బ్రష్‌తో పోర్టు తుడిచి, బాగా ఆరాక పెట్టండి.

ఇంత చేసి వెనక పోర్టులో, మంచి కేబుల్‌తో పెట్టాక చప్పుడు ఆగి ఫైళ్లు కనిపిస్తే, ముందు ఫొటోలు ఇంకో చోటికి కాపీ చేయండి. మరమ్మతు ప్రోగ్రాములు, చెక్‌డిస్క్ అన్నీ తర్వాతే. అప్పుడూ చప్పుడు ఆగకపోతే అది రెండో అర్థం, డిస్క్ లోపలి భాగాలే పాడవుతున్నాయి. అలాంటి డిస్క్‌ను తిప్పిన కొద్దీ ఉన్నది కూడా పోతుంది. మళ్లీ పెట్టకుండా డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. చెక్‌డిస్క్ నడిపిస్తే బాగవుతుందని ఎవరైనా చెప్పినా వినకండి. పాడవుతున్న డిస్క్ మీద అది చేసే మేలు కంటే కీడే ఎక్కువ. మీ అమ్మాయి పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియోలో ఇంకో కాపీ ఉందేమో కూడా వెంటనే కనుక్కోండి.

ప్రశ్న: వైఫై ప్రింటర్ రెండు మూడు రోజులకోసారి ‘ఆఫ్‌లైన్’ అంటుంది. అదే సమయంలో ఫోన్ నుంచి ప్రింట్ ఇస్తే వస్తుంది.
– జిరాక్స్ షాపు యజమాని, కరీంనగర్

జవాబు: ఫోన్ నుంచి వస్తోందంటే ప్రింటర్ వైఫైలోనే ఉంది. మీ కంప్యూటర్ దాన్ని పాత చిరునామాలో వెతుకుతోంది. రూటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ చిరునామా అద్దెకిస్తుంది. ప్రింటర్‌నో, రూటర్‌నో ఆపి పెట్టినప్పుడు అది మారిపోవచ్చు. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ వివరాల కాగితం తీయండి, దానిలో ఐపీ, మ్యాక్ రెండూ ఉంటాయి. రూటర్ పేజీలోకి వెళ్లి ఆ మ్యాక్‌కు ఆ ఐపీనే ఎప్పటికీ ఇవ్వమని ‘అడ్రస్ రిజర్వేషన్’ చేయండి. తర్వాత విండోస్‌లో ప్రింటర్‌ను తీసేసి, ఈసారి ‘టీసీపీ/ఐపీ అడ్రస్’ ద్వారా చేర్చండి. విండోస్ తనంతట తాను కనిపెట్టి చేర్చినప్పుడు చాలాసార్లు ‘డబ్ల్యూఎస్‌డీ’ పోర్టు పెడుతుంది, తరచూ దారి తప్పేది అదే. అప్పటికీ ఆఫ్‌లైన్ అంటుంటే పోర్టు సెట్టింగుల్లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్’ టిక్ తీసి చూడండి. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే పనిచేస్తాయి కనుక రూటర్‌లో దాన్ని ఆపేయకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న బంధువుల కోసం పెళ్లి లైవ్ ఇవ్వాలి. వెబ్‌క్యామ్ మండపం దగ్గర, లాప్‌టాప్ దూరంగా. రెండు ఎక్స్‌టెన్షన్లు కలిపితే కెమెరా వచ్చి పోతోంది.
– తణుకు

జవాబు: యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు హద్దు 5 మీటర్లు. 3.0 అయితే 3 మీటర్లు దాటనివ్వకండి. అంతకు మించితే ‘యాక్టివ్’ ఎక్స్‌టెన్షన్ అడిగి తీసుకోండి, మధ్యలో సంకేతాన్ని బలపరిచే చిప్ ఉంటుంది. లాప్‌టాప్‌నే మండపం దగ్గరికి జరిపితే ఇంకా నిశ్చింత. ముహూర్తానికి ముందురోజే అక్కడే గంటసేపు నడిపి చూసుకోండి.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే, ఒక్కోసారి మిక్సీ వేసినా, కీబోర్డు, మౌస్ ఒక్క క్షణం చచ్చి బతుకుతున్నాయి. సీపీయూ డబ్బాను తాకితే జివ్వుమంటుంది.
– గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, మౌస్ సంగతి తర్వాత. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఆ ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో పరీక్షించమనండి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పైనున్న పెద్ద రంధ్రానికి లోపల వైరు వేయని ఇళ్లు చాలా ఉన్నాయి. ఎర్త్ లేకపోతే కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా లోహపు డబ్బాకు మెయిన్స్ వోల్టేజీలో దాదాపు సగం చేరుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ లోపల వైరు ఏదైనా తెగి డబ్బాకు తగిలితే ఆ జివ్వుమనడం ప్రాణం మీదికి వస్తుంది. అది సరిచేసేదాకా పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి.

ఎర్త్ కుదిరాక మిక్సీ వేసినప్పుడు వచ్చే తంటా తగ్గే అవకాశం ఉంది. ఇన్వర్టర్ మారేటప్పుడు మాత్రం ఇంకా తెగుతుంటే కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ పెట్టండి. ఇంటి ఇన్వర్టర్ కరెంటు అందుకోవడానికి పట్టే కొద్ది వ్యవధిని కొన్ని పవర్ సప్లైలు తట్టుకోలేవు.

ప్రశ్న: 2020 చివర్లో రైజెన్ ప్రాసెసర్‌తో పీసీ అసెంబుల్ చేయించుకున్నాను. యూఎస్‌బీకి పెట్టినవన్నీ ఒకేసారి పోయి వస్తాయి. కేబుళ్లు, హబ్ అన్నీ మార్చేశాను.
– ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అన్నీ ఒకేసారి పోతుంటే కేబుళ్లను అనుమానించనక్కర్లేదు. 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో యూఎస్‌బీ ఆగాగి తెగుతోందని ఏఎమ్‌డీ సంస్థే 2021లో ఒప్పుకుంది. ‘ఏజీసా 1.2.0.2’ ఉన్న బయోస్‌తో పరిష్కారం ఇచ్చింది. మీ మదర్‌బోర్డు కంపెనీ పేజీలో అంతకంటే కొత్త బయోస్ తీసుకుని వేయండి. మోడల్ నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. బయోస్ వేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.

వచ్చే నెలకు రాసేవాళ్లకు ఒక మనవి. పరికరం పేరు, విండోస్ వెర్షన్ రాస్తే సరిపోదు. కనెక్షన్ పోయినప్పుడు కంప్యూటర్ నుంచి ‘టుడుంగ్’ అనే శబ్దం వచ్చిందో లేదో రాయండి, యూఎస్‌బీ తెగితే ఆ శబ్దం వస్తుంది, మౌస్‌కూ రిసీవర్‌కూ మధ్య తెగితే రాదు. పక్క పోర్టుల్లో ఇంకేం పెట్టి ఉన్నాయో కూడా రాయండి. ఫొటో పంపితే పరికరంతో పాటు అది పెట్టిన పోర్టు, మధ్యలో ఉన్న వైరు కూడా కనిపించేలా తీయండి.