నగరము విడిచి వచ్చినవారు

పట్టణపు రొద పడలేక పల్లెకు తరలినవారు పిదప పశ్చాత్తాపపడుదురా? ఈ ప్రశ్నకు మన కండ్లయెదుటనున్న పాఠము అన్నోజిగూడ.

ఉప్పల్ నుండి వరంగల్లు పోవు దారిలో, ఘట్‌కేసరుకు ఇవతల ఉన్నదీ ఊరు. ఉప్పల్, నాచారములలోని అద్దెలకును పొగకును విసిగి, కొంత గాలియు వెలుతురును దొరకునని ఇటువైపు ఇండ్లస్థలములు కొన్నవారు పలువురు. వారి వెనుకనే నగరమును వచ్చినది! పోచారమున ఇన్ఫోసిస్ ప్రాంగణము వెలసినది. ఘట్‌కేసరు మీదుగా బాహ్యవలయ రహదారి సాగినది. పోచారము పురపాలక సంఘములో కలిసిన ఈ ఊరు, ఆ సంఘముతోపాటు 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైనది.

పల్లె నచ్చక వగచువారు తక్కువేయని మా అభిప్రాయము. కొలువు నగరములోనే నిలిచిపోయినవారిదే అసలు బాధ. ఉప్పల్–నారపల్లి పైవంతెనకు 2018లో శంకుస్థాపన జరిగిన పిదప, ఏండ్ల తరబడి ఆ 6 కిలోమీటర్లు దుమ్ములో పడి పోయివచ్చినవానికి ఇంటిముందరి వేపచెట్టు ఏపాటి ఊరట? 2020 నిర్బంధకాలమున ల్యాప్‌టాపులతో స్వగ్రామములు చేరిన యువకులును, కార్యాలయములు పిలువగానే చాలమంది మరలిపోయిరి. బడియు వైద్యుడును చేరువనున్న పింఛనుదారుల సంగతి వేరు.

నగరపు అంచున ఉన్న పంచాయతీల సభ్యులారా, లేఅవుటు దరఖాస్తు వచ్చిననాడే చెరువు శిఖము హద్దురాళ్లు చూడుడు. మురుగు ఏ దిక్కునకు పోవునో అడుగుడు. పార్కు స్థలము పంచాయతీ పేర దాఖలైనదా విచారింపుడు. ప్లాట్లు అమ్ముడైన పిదప అడిగిన, బదులు చెప్పువాడు ఊరిలో ఉండడు.