బారిస్టరు పార్వతీశాన్ని చూసి ఎవరు నవ్వారు?

పిల్లలూ, ఈ వ్యాసం మీరే పైకి చదివి ఇంట్లో పెద్దవాళ్ళకి వినిపించండి. రాని మాట దగ్గర ఆగి అడగండి.

ఈ సంవత్సరం శాన్ రామన్‌లో మా శనివారం బడి పెద్ద తరగతిలో నాలుగు వారాలు వాచకం పక్కన పెట్టి, ఒక హాస్య నవలలో కొన్ని ఘట్టాలు చదువుకున్నాము. ఆ నవల ‘బారిస్టరు పార్వతీశం’. ఇంజనీరింగు రోజుల్లో హాస్టల్ గదిలో చదివి కడుపు పట్టుకుని నవ్వుకున్న పుస్తకం కదా, పిల్లలూ అలాగే నవ్వుతారనుకున్నాము. నవ్వారు. కానీ అందరూ ఒకే చోట నవ్వలేదు. కొందరు అసలు నవ్వలేదు. అదే మాకు అసలు పాఠమైంది.

రచయిత, నవల

ఈ నవల రాసినవారు మొక్కపాటి నరసింహశాస్త్రి గారు (1892–1973). ఆయన స్వయంగా స్కాట్లండులోని ఎడింబరో వెళ్ళి వ్యవసాయశాస్త్రం చదువుకున్నారు. నవల మొదటి భాగం 1924లో వచ్చింది. అంటే నూరేళ్ళు దాటిపోయింది. తరవాతి రెండు భాగాలు చాలా ఏళ్ళకు గాని రాలేదు. 1940లో ఇదే పేరుతో సినిమా కూడా వచ్చింది.

పార్వతీశం పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు కుర్రవాడు. బారిస్టరు కావాలని అతని కోరిక. ఆ రోజుల్లో బారిస్టరు కావాలంటే సముద్రాలు దాటి ఇంగ్లండు వెళ్ళక తప్పదు. పెద్ద ఊళ్ళు ఎరగని కుర్రవాడు నిడదవోలులో రైలెక్కి మద్రాసు, అక్కడినుంచి కొలంబో, తరవాత ఓడ మీద ఫ్రాన్సు, ఆపైన లండను చేరుకుంటాడు. దారి పొడుగునా ఏదో ఒక పొరపాటు చేస్తూనే ఉంటాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ముచ్చటపడి ఒక టోపీ కొంటాడు. తీరా అది ఆడవాళ్ళ టోపీ! ఓడలో భోజనానికి కూర్చుంటే కత్తులు, ఫోర్కులు చూసి కంగారు పడతాడు.

పార్వతీశం చెడ్డవాడు కాదు. కానీ అతనికి రెండు లోపాలున్నాయి. మొదటిది, తన ఊరిని, తనని మించినది లేదన్న గొప్ప. రెండోది, తనకు తెలియదని ఒప్పుకోలేకపోవడం. నవలలోని హాస్యమంతా దాదాపు ఈ రెండింటినుంచే పుడుతుంది.

పిల్లలు ఏమన్నారు?

టోపీ ఘట్టానికి తరగతంతా గొల్లుమంది. ఒక్క అమ్మాయి మాత్రం నవ్వలేదు. కారణం అడిగితే కాసేపు తటపటాయించి చెప్పింది. కిందటి వేసవిలో వాళ్ళ తాతగారు ఇండియా నుంచి వచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో ఎస్కలేటర్ ఎక్కడానికి భయపడి ఆగిపోయారు. వెనక జనం పోగయ్యారు. ఎవరో నవ్వారు. “ఆయన మా తాతయ్య కాదన్నట్టు నేను పక్కకి వెళ్ళి నుంచున్నాను” అంది ఆ అమ్మాయి. శాన్ మటేయో వంతెన దాటి ఇంటికి వచ్చేదాకా తాతగారితో మాట్లాడలేదట. టోపీ కథ చదువుతుంటే ఆ సంగతే గుర్తొచ్చిందట.

ఇంకో అబ్బాయిది వేరే బాధ. “తెలియకపోతే ఎవరినైనా అడగొచ్చు కదా? ఎందుకు అడగడు?” అని పార్వతీశం మీద విసుక్కున్నాడు. ఇక్కడి స్కూళ్ళలో చెయ్యెత్తి అడగడం చిన్నప్పటినుంచి అలవాటు. ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే మేమూ అడగనివాళ్ళమే.

పెద్దలు ఏమన్నారు?

ఆ పేజీలే ఇంటికి పంపి పెద్దలను కూడా చదవమన్నాము. తల్లిదండ్రులు పిల్లలకంటే ఎక్కువ నవ్వారు. ఎవరికి వారు తమ పార్వతీశం కథ ఒకటి చెప్పారు. అమెరికా వచ్చిన మొదటి వారం ఒక తండ్రిగారు మోటల్లో స్నానం చేశారు. తెర టబ్బు లోపలికి వేసుకోవాలని తెలియక బయటికి వదిలేశారు. నీళ్ళు గదిలోకి పారి కార్పెట్ తడిసిపోయింది. కిందికి ఫోన్ చేసి చెప్పడానికి సిగ్గుపడి, రాత్రంతా మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాళ్ళతో అద్దారట. ఇన్నేళ్ళుగా ఈ మాట భార్యకు కూడా చెప్పలేదట!

అయితే ఒక అమ్మమ్మగారు మమ్మల్ని నిలదీశారు. “మనవాళ్ళ తెలివితక్కువతనం పిల్లలకు చూపించి నవ్వించడం ఏం చదువు బాబూ? రేపు మమ్మల్ని చూసీ ఇలాగే నవ్వరా?” అన్నారు. ఆవిడ మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఎయిర్‌పోర్టు సంగతి విన్న తరవాత అసలే కాదు.

ఆలోచించి ఆవిడకు రెండు విషయాలు మనవి చేశాము.

మొదటిది. ఈ కథ చెప్పేది పార్వతీశమే. ‘నేను ఇలా చేశాను, ఇలా నవ్వులపాలయ్యాను’ అని తన కథ తానే చెప్పుకుంటాడు. నవ్వమని మనల్ని పిలిచినవాడు అతనే. అందుకే అతనిని చూసి నవ్వినా అతని మీద మనకు చులకన కలగదు, ఇష్టమే పెరుగుతుంది.

రెండోది. ఇలాంటి అవస్థ తెలివితక్కువవాళ్ళకే రాదు. 1888లో బారిస్టరు చదువుకు లండను బయలుదేరిన గాంధీగారి సంగతి చూడండి. ఓడలో కత్తి, ఫోర్కు వాడటం రాదు. ఏ వంటకంలో మాంసం లేదో అడగడానికి మొహమాటం. దాంతో తన గదిలోనే భోజనం కానిచ్చారు. తెల్లటి ఫ్లానెల్ దుస్తులు వేసుకుని సెప్టెంబరు చివర ఇంగ్లండులో దిగేసరికి అలాంటి బట్టల్లో ఉన్నది ఆయన ఒక్కరే! ఇదంతా ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. నవలలో పార్వతీశం చేసిన పనీ, ఆత్మకథలో గాంధీగారు చేసిన పనీ ఒకటే. దాచుకోవలసిన సిగ్గును దాచుకోకుండా చెప్పారు.

అమ్మమ్మగారు పూర్తిగా ఒప్పుకోలేదు. “అయితే ముందు ఎవరికి వారు తమ కథ చెప్పాకే ఆయన కథకు నవ్వండి” అన్నారు. మాకు ఆ షరతు నచ్చింది. మరుసటి వారం నుంచి అలాగే చేశాము.

మేము చేసిన తప్పు

షరతు ప్రకారం ముందు మా కథ చెప్పాలి. ఈ నవల మొదలుపెట్టడానికి ముందు, అదే తరగతిలో ఒక అబ్బాయి ‘మా కుటుంబం’ అని తను రాసుకున్న నాలుగు వాక్యాలు చదివాడు. అతనికి ‘ళ’ పలకదు. “మా తాతగారి కళ్ళు బాగాలేవు” అనబోయి “మా తాతగారి కల్లు బాగాలేవు” అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది పిల్లలు కాదు, పాఠం చెప్పే మేమూ, వెనక కూర్చున్న పెద్దలూ. కల్లు అంటే ఏమిటో పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ అబ్బాయికీ తెలియదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఎర్రబడ్డ ముఖంతో కూర్చుండిపోయాడు.

తరవాత రెండు వారాలు బడికి రాలేదు. మేము సాఫ్ట్‌వేర్ వాళ్ళము. ప్రోగ్రాం తప్పయితే ఏ లైనులో తప్పుందో కంప్యూటరైనా చెబుతుంది. మా నవ్వు ఆ మాత్రం కూడా చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేసి ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పుకున్నాము. మూడో వారం వచ్చాడు గాని, పైకి చదవమంటే తల అడ్డంగా ఊపేవాడు.

పార్వతీశం పాఠం చివరి వారంలో అందరూ తమ తమ కథలు చెబుతుండగా అతను చెయ్యెత్తాడు. “ఎయిర్‌పోర్టులో తాతయ్య పార్వతీశం. ఇక్కడ నేను పార్వతీశం” అన్నాడు. కల్లు కథ తనే మళ్ళీ చెప్పాడు, ఈసారి కల్లు అంటే ఏమిటో కూడా వివరించి. అందరితో పాటు తనూ నవ్వాడు. ‘ళ’ ఇప్పటికీ సరిగ్గా పలకదు. కానీ చదువుతున్నాడు.

ఇంగ్లీషు వాళ్ళ మధ్య మన పెద్దలు పార్వతీశాలు. తెలుగు వాళ్ళ మధ్య మన పిల్లలు పార్వతీశాలు. ఒకరి కష్టం ఒకరికి తెలియడానికి ఇంతకంటే దగ్గర దారి లేదనిపించింది మాకు.

తెలుసుకోవలసిన మాటలు

హాస్యం: అందరూ కలిసి నవ్వుకునేది.
వేళాకోళం: దగ్గరివాళ్ళ మీద సరదాగా వేసే మాట.
ఎగతాళి: ఎదుటివారిని చిన్నబుచ్చే నవ్వు.
నవ్వులపాలు కావడం: నలుగురి నవ్వుకూ గురి కావడం.
మొహమాటం: కావలసింది అడగలేని బిడియం.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. అమ్మనీ, నాన్ననీ అడగండి: అమెరికా వచ్చిన కొత్తలో మీరు చేసిన పొరపాటు ఏమిటి? అప్పుడు ఎవరినైనా సాయం అడిగారా?
2. తాతయ్యకో, నానమ్మకో ఈ ఊళ్ళో ఇప్పటికీ భయంగా ఉండే పని ఏమిటి? మీరు పక్కనుండి నేర్పగలరా?
3. ఇండియా వెళ్ళినప్పుడు మీరు ఎప్పుడు పార్వతీశం అయ్యారు? అయిదు వాక్యాలలో తెలుగులో రాసి తీసుకురండి.

తప్పులున్నా ఫరవాలేదు. చదివేటప్పుడు మీరు నవ్వితేనే మేమూ నవ్వుతాము.