మోకాలి వాపు వేరు, ఎలర్జీ వేరు

నేను హోసూరులో ఫిజియోథెరపిస్టును. ఒకప్పుడు ఈ ట్రస్టు ఇచ్చిన పుస్తకాల డబ్బుతో చదువుకున్నవాణ్ణి. పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే, నాకు మా ఇంట్లో జరిగిన సంగతే ముందు తోచింది.

2003లో నేను ఫిజియోథెరపీ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా అన్న ఎం.కాం. చదువుతూ కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేవాడు. ఒకరోజు ఆటలో అతని పాదం నేలమీద నిలిచిపోయి, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాల్లో 'టప్'మని వినిపించిందట. ఇంటికి తెచ్చేసరికి గంట కాలేదు, మోకాలు కొబ్బరికాయంత అయింది. అమ్మ పసుపు పట్టు వేసింది. నేను చదువుకున్నవాణ్ణి కదా, మెడికల్ షాపుకు పరుగెత్తి డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చి ఒకటి మింగించాను. కాసేపటికి అన్నకు ముక్కు కారింది, కళ్ళు ఎర్రబడ్డాయి, ఆ వెంటనే ఊపిరి ఆడక పిల్లికూతలు మొదలయ్యాయి. ఆటోలో ఆసుపత్రికి చేర్చాము. నెబ్యులైజర్, ఇంజక్షన్లు, రెండు రోజులు అక్కడే. "ఏం మాత్ర ఇచ్చినావురా?" అని నాయన అడిగితే నాకు నోట మాట రాలేదు.

అన్నకు ఉబ్బసం ఉందని నాకు తెలుసు. ముక్కులో కండ పెరిగిందని కూడా తెలుసు. అంతకు ముందొకసారి తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకుంటే ఇలాగే ఆయాసం వచ్చిందని అమ్మకు ఆసుపత్రిలో గుర్తొచ్చింది. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే నొప్పి మాత్రలతో జాగ్రత్త అని మా పుస్తకంలోనే ఉంది. పరీక్షకు చదివాను, ఇంట్లో అడగలేదు.

ఇక పాఠంలోకి వస్తాను. మన ఇళ్ళలో అన్నిటికీ వాపు అనే ఒక్క మాటే వాడతాము. తమిళంలో చదివే మన పిల్లలకు మూడు మాటలు విడివిడిగా దొరుకుతాయి: వీక్కం అంటే ఉబ్బడం, అళర్చి అంటే శోథ, ఒవ్వామై అంటే ఎలర్జీ. ఈ తేడా పట్టుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

మోకీలు లోపల ఒక పలుచని పొర ఉంటుంది. అందులో మామూలుగా ఒక చిన్న చెంచాకు మించని జిగురు ద్రవం ఉంటుంది. తొడ ఎముకను, కాలి ఎముకను కలుపుతూ మధ్యలో రెండు లిగమెంట్లు కత్తెర గుర్తులా అడ్డంగా ఉంటాయి. వాటిలో ముందుదే ఏ.సి.ఎల్. అది తెగినప్పుడు దానిలోని రక్తనాళాలూ తెగి, రక్తం కీలులోకి కారుతుంది. గంట రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బడానికి కారణం అదే. మరునాటికి మెల్లగా ఉబ్బితే చాలాసార్లు లోపలి మెత్తటి గాదికి, అంటే మెనిస్కస్‌కు దెబ్బ తగిలి ఉంటుంది. ఆ తర్వాత శరీరం తెల్లకణాలను పంపి చెత్త ఊడ్పించే పని మొదలుపెడుతుంది. ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ రెండు వేల ఏళ్ళ కిందటే రాసిన శోథ లక్షణాలు అప్పుడు కనిపిస్తాయి. ఇది కీలు చేసుకునే మరమ్మతు.

ఎలర్జీ అనే మాటను 1906లో వియన్నా వైద్యుడు వాన్ పిర్కే పెట్టాడు. హాని లేని వస్తువును శత్రువనుకుని శరీరం దాడికి దిగడం అది. దద్దుర్లు, పెదవుల వాపు, తుమ్ములు, ఆయాసం దాని గుర్తులు. ఒక్క కుడి మోకాలినే వెతుక్కుంటూ వచ్చిన ఎలర్జీని నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి లిగమెంటు తెగిన పిల్లవాడికి వంకాయ, గుడ్డు, పప్పు మాన్పించకండి. వంకాయ తింటే నోరు దురదపెట్టేవారు ఉన్నారు, వారు మానుకోవచ్చు. కానీ దెబ్బ తగిలిన వారాల్లోనే తొడ కండరం కరిగిపోతుంది. అది తిరిగి పెరగడానికి మాంసకృత్తులే కావాలి. (ఈ విషయంలో మా అమ్మతో నేను ఇప్పటికీ గెలవలేదు.)

అన్నకు జరిగింది ఇంకో రకం. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ పేర్లు వేరైనా చేసే పని ఒకటే. శోథను పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ గురించి ఈ సంగతి చూపించాడు, 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ దారి మూసుకుంటే కొందరు ఉబ్బసం రోగుల్లో ల్యూకోట్రయిన్లు పెరిగి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. అందుకే ఒకటి పడనివారికి సాధారణంగా మిగతావీ పడవు, కంపెనీ మార్చినా లాభం లేదు. ఇలాంటివారిలో చాలామందికి మామూలు మోతాదులో పారాసిటమాల్ సరిపడుతుంది. అదైనా డాక్టరు చెప్పాకే.

కొన్ని నెలల తర్వాత బెంగుళూరులో ఆపరేషన్ కుదిరింది. ఫారంలో ఎలర్జీల గడి దగ్గర నాయన కలం ఆగింది. రాస్తే ఆపరేషన్ రద్దు చేస్తారేమోనని, అప్పు తెచ్చిన డబ్బు, సెలవు దండగవుతాయని భయం. నేను పట్టుబట్టి రాయించాను. మత్తు డాక్టరు చదివి, పది నిమిషాలు కూర్చుని అడిగి, మందులు మార్చారు. ఆపరేషన్ అదే రోజు జరిగింది. తొడ వెనక స్నాయువు తీసి కొత్త లిగమెంటుగా అమర్చారు.

అయిదో రోజు గాయం చుట్టూ ఎర్రగా దురద. చీము పట్టిందని అందరం హడలిపోయాము. చూస్తే ఎరుపు సరిగ్గా ప్లాస్టరు అంటించిన మేరకు, గీత గీసినట్టు ఉంది. జిగురు పడలేదు, అంతే. అదే జ్వరం వచ్చి, నొప్పి రోజురోజుకూ పెరిగి, మోకాలు కదపలేకపోతే ఎలర్జీ అనుకుని ఇంట్లో కూర్చోకండి. కీలులో చీము పడితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి పాడవుతుంది, ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గిల్టు కమ్మలకో వాచీ మూతకో చర్మం దురదపెట్టే ఆడపిల్లలుంటే ఆ సంగతీ సర్జనుకు చెప్పండి. అది చాలాసార్లు నికెల్ వల్ల వచ్చేది. స్టీలు స్క్రూల్లో నికెల్ ఉంటుంది, టైటానియంవి వాడవచ్చు.

అన్న ఇప్పటికీ పర్సులో ఒక చీటీ పెట్టుకుంటాడు. పడని మాత్రల పేర్లు, ఏ సంవత్సరం ఏమైంది, ఉబ్బసానికి వాడే మందు అన్నీ ఇంగ్లీషులో, తమిళంలో, కన్నడంలో ఉన్నాయి. తెలుగులో కూడా రాయమన్నాడు. హోసూరులో ఎవరు చదువుతారని అడిగితే, "అమ్మ చదువుతుంది" అన్నాడు.