మెడ వంచి మాట్లాడుతూ బండి నడిపితే?

ప్రశ్న: మావాడు పొదిలి నుంచి మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి రోజూ బైకు మీద వెళ్తాడు. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే నడుపుతాడు. ఇలాంటివి ప్రభుత్వం నిషేధించకూడదా?
– ఒక తల్లి, పొదిలి

జవాబు: నిషేధం ఉందమ్మా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, చేత్తో ఫోన్ వాడుతూ ప్రమాదం తెచ్చేలా నడిపితే మొదటిసారికే రూ.1,000 నుంచి 5,000 వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, ఒక్కోసారి రెండూ. కొనకనమిట్ల దగ్గర రోడ్డు ఖాళీగా ఉంటే ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది!

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఎవరు ఫోన్ చేశారా అని చూసేలోపు గేదె అడ్డం రావచ్చు. మెడ వంచితే ఆ పక్క అద్దం కూడా కనపడదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చేతులు ఖాళీ అవుతాయి గానీ మనసు మాటల్లోనే ఉంటుంది.

బయల్దేరే ముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేయమనండి. తప్పనిసరైతే బండి పక్కకు ఆపి మాట్లాడాలి. ఇంకో మాట, కోపగించుకోకండి: దారిలో ఉన్నాడని తెలిసీ చాలాసార్లు ఫోన్ చేసేది ఇంట్లోవాళ్లే. చేరాక తననే చేయమనండి.

ఎంత చెప్పినా చేయి ఫోన్ మీదికే పోతుంటే మానసిక నిపుణుడికి చూపించండి. కిందపడి తలకు దెబ్బ తగిలితే మాత్రం, పైకి గాయం లేకున్నా, వెంటనే 108కి ఫోన్ చేయండి.