చలికాలమునకు ముందు పెరటి చేపలగుంట

కాకుమాను ప్రాంతమున పెరటిగుంటలలో బొచ్చె, శీలావతి పెంచువారు కార్తీకమాసముననే జాగ్రత్తపడవలెను. చలిదేశములలోవలె మన నీరు గడ్డకట్టదు. అయినను చలికి చేపల జీర్ణశక్తి తగ్గును. అవి విడిచిన తవుడు, చెక్క అడుగున క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. బలముడిగిన చేపలకు ఎఱ్ఱమచ్చల తెగులు సోకి, ఏడాది శ్రమ వ్యర్థమగును.

కావున కాలువనీరు అందుచుండగనే గుంటను ఆఱడుగుల లోతున నింపుడు. రాలిన ఆకులను, నాచును తీసివేయుడు. సెంటుకు 800 గ్రాముల లెక్కను సున్నమును నీట నానబెట్టి, చల్లారిన పిమ్మట గుంటయంతటను చల్లుడు. మేతను సగము తగ్గించి, ఎండ వచ్చినతరువాతనే వేయుడు, మబ్బుదినమున మానుడు. వేకువను చేపలు పైకివచ్చి నోళ్లు తెఱచుచున్నచో వెంటనే క్రొత్తనీరు పెట్టుడు. పుండ్లుగల చేపలను తీసి పూడ్చుడు. ఆ గుంటలో వేసిన వలను బాగుగ ఎండనిడక పొరుగువారికి ఈయకుడు. ఒకరి గుంటలోని తెగులు ఊరందఱి నష్టమగును.