కారవాన్‌లో వచ్చి పాత నెల్లూరు చూడాలంటే: సందేహాలు - సమాధానాలు

ఇల్లులాంటి బండిలో ఊళ్లు తిరిగేవాళ్లు మన తీరం వైపు కూడా వస్తున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అల్లూరు చుట్టుపక్కల మకాం గురించి, నెల్లూరు పాత వీధుల గురించి ఉన్నాయి. అందుకే అన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

చెన్నైలో కారవాన్ అద్దెకు తీసుకుని తీరం వెంట కాకినాడ దాకా వెళ్లాలనుకుంటున్నాం. అల్లూరు మా తాతగారి ఊరు. అక్కడ రెండు రాత్రులుండి, మధ్యలో ఒక రోజంతా నెల్లూరు పాత ఊరు తీరిగ్గా చూడాలని ఉంది. బండితోనే ఊళ్లోకి వెళ్లొచ్చా? మా అమ్మకి మోకాళ్ల నొప్పులు.
*ఒక పాఠకురాలు, తాంబరం*

బండితో వద్దమ్మా. పాత నెల్లూరు వీధులు ఎద్దుబండ్లకీ జట్కాలకీ సరిపోయేవి. పైగా రైలు కట్ట ఊరిని రెండుగా చీలుస్తుంది. ఆత్మకూరు బస్టాండు దగ్గర, విజయమహల్ గేటు దగ్గర, రామలింగాపురంలో, మాగుంట లేఅవుట్‌లో దాటాలంటే అండర్‌బ్రిడ్జిలే దారి. గట్టి వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి. కారవాన్ నెత్తిన ఏసీ పెట్టె ఉంటుంది కదా, ఎత్తు లెక్కలో దాన్ని మర్చిపోయి దూరితే మళ్లీ వెనక్కి రావడానికి చోటుండదు. వెనకాల ఆటోలు హారన్లు కొడుతుంటే చూడబోయిన ఊరి మీద విసుగొస్తుంది. బండిని అల్లూరులోనే వదిలేయండి. నెల్లూరు అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరం. పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కండి, కిటికీ పక్కన కూర్చోండి. వరి కయ్యలు, రొయ్యల గుంటలు, కోవూరు, ఆ తర్వాత పెన్న వంతెన. ఈ ప్రయాణమూ మీ రోజులో భాగమే.

మొదట రంగనాయకులపేటకి వెళ్లండి. తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే ఉంది. డెబ్భై అడుగుల గాలిగోపురం కింద నిలబడి తలెత్తి చూడటానికి పొద్దుటి వెలుగు బాగుంటుంది. లోపల స్వామి శేషుడి మీద పడుకుని ఉంటాడు. దర్శనం కాగానే బయటికి పరుగెత్తకండి. అద్దాల మండపం చూడండి, తర్వాత గుడి వెనక్కి వెళ్లి కాసేపు నదిని చూడండి. ఈ ఊరిని పోషించింది ఆ నదే. 1850ల్లో ఇక్కడ పెన్న మీద ఆనకట్ట కట్టాక డెల్టా వరికి నిలకడ వచ్చింది. 2022 సెప్టెంబరు 6న దాని బదులు కొత్త బ్యారేజీ మొదలైంది. అదే నది 2021 నవంబరులో ఒడ్డు దాటి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలనే కోసేసింది. మీ అమ్మగారు మండపంలో కూర్చుని ఉంటే మీరు నది ఒడ్డు చూసి రావచ్చు.

పిల్లలుంటే వాళ్లకి తిక్కన గురించి ఇక్కడే చెప్పండి. పదమూడో శతాబ్దంలో ఈ ఊరిని ఏలిన మనుమసిద్ధి కొలువులో ఆయన మంత్రి. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేశాడు. పాఠ్యపుస్తకంలో చదివే కవి తిరిగిన ఊళ్లో నిలబడి ఆయన పేరు వినడం పిల్లలకి గుర్తుండిపోతుంది.

అక్కడి నుంచి ఆటోలో మూలాపేట వెళ్లి మూలస్థానేశ్వరుడి గుడి చూసుకోండి. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు. కాబట్టి రెండు దర్శనాలూ ఎండ ముదరకముందే అయిపోవాలి. వేళలు ముందురోజే కనుక్కోండి.

ఆ తర్వాత నడక. పెద్దబజారు, చిన్నబజారు, ఆచారి వీధి. నా మటుకు నాకు నెల్లూరంటే ఈ మూడే. ఒక్కో గుడికి అరగంట చాలు కానీ, ఆచారి వీధికి రెండు గంటలివ్వండి. అక్కడ పెద్ద నగల షాపుల అద్దాలు చూసి ఆగిపోకండి. పక్క సందుల్లో, మేడ మెట్ల కింద, ఒకరిద్దరు మాత్రమే పట్టే గదుల్లో కంసాలులు పని చేస్తుంటారు. చేతిలో చిన్న పట్టకారు, ముందు ఎన్నో ఏళ్ల గాట్లతో నల్లబడ్డ చెక్క. బంగారం తీగని వేలి మొన మీద చుట్టి, కత్తిరించి, ఆ ఇసక రేణువంత ముక్కని గొలుసు కొక్కెంలో అతికిస్తారు. ఊదేటప్పుడు మంట ఎటు వంగుతుందో చూడండి, ఆ వంపులోనే పనితనం ఉంది. గదిలో ఊడ్చిన దుమ్ముని పారేయరు, అందులో బంగారు రజను ఉంటుంది. ఆ దుమ్ముని కొని కడిగి బతికేవాళ్లూ ఉన్నారు. మీకు నగ కొనే పని లేకపోయినా ‘చూడొచ్చా అన్నా’ అని అడిగితే చాలామంది కాదనరు. ఫొటో తీసేముందు మాత్రం అడగండి, సొత్తు ముందున్న మనిషికి కెమెరా అంటే బెరుకు.

భోజనానికి చేపల పులుసు. మామిడికాయ వేసిందే అడగండి. కారం తట్టుకోలేనివాళ్లు నెయ్యి దోసెతో సరిపెట్టుకోవచ్చు. ఎండ తగ్గాక ట్రంకురోడ్డు మీదుగా గాంధీబొమ్మ, వీఆర్‌సీ సెంటరు చూసి, మలై కాజా పొట్లం కట్టించుకుని, చీకటి పడకముందే బస్సెక్కండి. స్టోన్‌హౌస్‌పేట టోకు బజారు కూడా ఉంది కానీ, మోకాళ్ల నొప్పులున్నవారితో అంత దూరం వద్దు.

ఒక్క హెచ్చరిక. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాలో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. మతం అడ్డురాదు, లక్షల జనం వస్తారు. ఆ పండగ చూడాలంటే దానికోసమే రండి. పాత ఊరు చూసే పని ఆ రోజుల్లో పెట్టుకోవద్దు.

అమెరికాలో ఆర్‌వీ పార్కుల్లో కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం అన్నీ బండికి తగిలించుకుంటాం. సంక్రాంతికి వచ్చి కారవాన్‌లో తిరగాలని ఉంది. అల్లూరు వైపు అలాంటి చోటు ఉందా?
*ఒక పాఠకుడు, డల్లాస్*

అలాంటి పార్కులు ఈ వైపు ఉంటాయని లెక్క వేసుకోకండి. మీకు పనికొచ్చేది కల్యాణ మండపం. ఊరి శివారులో విశాలమైన ఆవరణ, గేటు, కాపలా మనిషి, బోరు నీళ్లు, స్నానాల గదులు, వంట షెడ్డులో పవర్ ప్లగ్గు, సెప్టిక్ ట్యాంకు, మీకు కావలసినవన్నీ అందులో ఉంటాయి. ముహూర్తాలు లేని రోజుల్లో అది ఖాళీ. సంక్రాంతికి ముందు ధనుర్మాసంలో మన వైపు పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మీ వేళ కలిసొచ్చింది. యజమానితో మాట్లాడి, రాత్రికి ఇంత అని ముందే ఖాయం చేసుకోండి. కాపలా మనిషికి విడిగా ఇవ్వండి.

కరెంటు 230 వోల్టులు. అమెరికా నుంచి 120 వోల్టుల సామాను తేవద్దు. పదహారు ఆంపియర్ల ప్లగ్గుకి సరిపోయే మందమైన వైరు, ఒక స్టెబిలైజరు వెంట ఉంచుకోండి. మరుగుదొడ్డి ట్యాంకు విషయంలో గట్టిగా చెబుతున్నాను. దాన్ని మండపం సెప్టిక్ ట్యాంకులోనే, యజమాని ఒప్పుకున్నాకే ఖాళీ చేయాలి. పంట కాలువలో గానీ రోడ్డు పక్క గుంటలో గానీ వదిలితే అది రేపు ఎవరి కయ్యలోకో, ఎవరి రొయ్యల గుంటలోకో చేరుతుంది.

ఇంకో మాట. డ్రైవరుతో బండి తీసుకుంటే, ఆయనకి రాత్రి పడుకోవడానికి మంచం, ఫ్యాను ఉన్న గది మీరే చూడాలి. ముందు సీటులో ముడుచుకుని పడుకున్న మనిషి మర్నాడు హైవే మీద మిమ్మల్ని నడిపించకూడదు.

నాకు కారు లైసెన్సు ఉంది. కారవాన్ నడపొచ్చా?
*ఒక పాఠకుడు, కందుకూరు*

బండి మొత్తం బరువు, అంటే మనుషులూ సామానుతో కలిపి అనుమతించిన బరువు, 7,500 కిలోలు మించకపోతే ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి స్పష్టం చేసింది. వ్యాన్ సైజు కారవాన్లు ఆ బరువుకి లోపే ఉంటాయి, అయినా ఆర్సీలో అంకె చూసుకోండి. బండి అసలు మోటార్ కారవాన్‌గా రిజిస్టరు అయిందా, బీమా దానికే ఉందా అన్నది కూడా కాగితాల్లో చూడాలి. మామూలు వ్యానులో మంచాలు, గ్యాసు పొయ్యి బిగించి అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. అలాంటిది తీసుకోవద్దు.

ఇసకపల్లి సముద్రం ఒడ్డునే బండి నిలిపి రాత్రి ఉండొచ్చా?
*ఒక పాఠకురాలు, తిరుపతి*

ఉండొద్దు. ఇసకలో దిగిన చక్రాన్ని పైకి తేవడానికి ట్రాక్టరు పిలవాలి. అల్లూరులో మకాం ఉంచుకుని పొద్దున్నే ఆటోలో వెళ్లి, వలలు ఒడ్డుకి చేరే వేళ చూసి రండి. లోతుకి దిగకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపానుల కాలం, వాతావరణ హెచ్చరిక ఉంటే అసలు అటు పోవద్దు.

దారిలో బకింగ్‌హామ్ కాలువ దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కముక్కలుగా పెరిగి, పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసింది. 1876-78 కరువులో జనానికి కూలి కోసం కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. లారీలు రాకముందు మన తీరం ఉప్పూ కట్టెలూ పడవల్లో మద్రాసు చేరింది దీని మీదే. ఇవాళ చాలాచోట్ల పూడిపోయి ఉంది. పాత ఊరు చూడటానికి అంత దూరం వచ్చేవాళ్లు ఈ పాత దారిని చూడకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది.

పాత నెల్లూరు చూసే రోజే ఉదయగిరి కోట, పెంచలకోన కూడా కలుపుకోవచ్చా?
*ఒక పాఠకుడు, హైదరాబాద్*

కుదరదు. ఉదయగిరి నెల్లూరుకి వాయవ్యంగా దాదాపు వంద కిలోమీటర్లు, కోట ఎక్కడానికే పూట పడుతుంది. పెంచలకోన రాపూరు వైపు. ఈ మూడూ ఒక రోజులో పెట్టుకుంటే రోజంతా మీరు చూసేది రోడ్డునే. ఇంకో రాత్రి మకాం పెంచుకోగలిగితే ఉదయగిరికి వెళ్లండి, లేకపోతే ఈసారికి వదిలేయండి. పాత నెల్లూరుకి మాత్రం రోజు మొత్తం ఇవ్వండి.