రక్త విరేచనాలు: పరీక్ష ఎంత త్వరగా?



ల్యాబ్ కోర్సులు, నర్సింగ్ చదువుతున్న మన పిల్లల కోసం ఒక పాఠం రాయమని ట్రస్టు పెద్దలు అడిగారు. ధర్మపురిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న నాకు ఎప్పటికీ గుర్తుండే ఒక కేసుతో మొదలుపెడతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక రాత్రి మూడేళ్ల బాబును ఎత్తుకుని తల్లి వచ్చింది. "పొద్దున్నించి నెత్తురు పడతా ఉందన్నా" అంది. డాక్టరు గారు నాడి చూసి, పొట్టమీద చర్మం గిల్లి చూసి, ముందు ఓఆర్ఎస్ పట్టించారు. ఏ పరీక్షకైనా ముందు చేయవలసింది అదే. ఏడాదిలోపు బిడ్డ ఉండుండి గుక్కపట్టి ఏడుస్తూ, రక్తం కలిసిన జిగురు పడితే మాత్రం పేగు పేగులోకి దూరిందేమో చూడాలి. దానికి కావలసింది స్కానింగ్, మల పరీక్ష కాదు.

తాజా మలాన్ని మైక్రోస్కోపులో చూడటం పది నిమిషాల పని. ఎర్రకణాలను మింగి కదిలే అమీబా కనబడిందా, అది అమీబా జబ్బు. ఆ బాబు మలంలో చీము కణాలే గుంపులుగా ఉన్నాయి. అంటే షిగెల్లా వంటి బాక్టీరియా అనుమానం. ఏదో తేల్చేది కల్చర్. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. నేను నమూనాను పొద్దున చూద్దామని బల్లమీద ఉంచాను. షిగెల్లా మలంలో త్వరగా చచ్చిపోతుంది; వెంటనే ప్లేటు మీద వేయాలి, లేదా కేరీ-బ్లెయిర్ మాధ్యమంలో ఉంచాలి. నా ప్లేటులో ఏమీ పెరగలేదు. రెండు రోజులైనా జ్వరం తగ్గలేదు. ఏ మందు పనిచేస్తుందో చెప్పవలసిన కాగితం ఖాళీ. డాక్టరు గారు అంచనా మీదే మందు మార్చారు. బాబు కోలుకున్నాడు.

ఇప్పుడు పీసీఆర్ ప్యానెళ్లు వచ్చాయి. ఒకే నమూనాలో 22 రకాల క్రిములను సుమారు గంటలో వెతికేవి ఉన్నాయి. అమెరికాలో వీటి విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఓ157 ఈ-కొలై భయం ఉంది. దానికి యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం పెరగవచ్చని 2000లో ఒక అధ్యయనం హెచ్చరించింది. మన దగ్గర షిగెల్లాయే ముందు అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సిప్రోఫ్లాక్సాసిన్ సూచించింది. ఆ తర్వాత మన దేశంలో దానికి లొంగని షిగెల్లా పెరిగింది. ఏ మందుకు లొంగుతుందో ప్యానెల్ మామూలుగా చెప్పదు. బిడ్డ పేగులో ఊరికే ఉన్న క్రిమినీ చూపిస్తుంది. కాబట్టి గంటలో ఫలితం వచ్చినా కల్చర్ మానకూడదు.

అప్పటినుంచి ప్రతి మలం సీసా మీద సేకరించిన వేళ రాస్తున్నాను.